మింగిన మాట

ఆ ఏడు కూడా అమలమ్మకు పదో తరగతి ఇంగ్లీషు పేపర్లు దిద్దే పని వచ్చింది. 1974 మే నెల. కాలవలు కట్టేసి నెల దాటింది. బందరు కాలవ అడుగున మిగిలిన బురద పెచ్చులుగా ఎండి, సాయంత్రం గాలి అటునుంచి వీస్తే సగం బెజవాడ ఆ వాసన వేసేది. క్యాంపు గాంధీనగరం వైపు ఒక హైస్కూల్లో పెట్టారు. గదికి ఆరుగురు టీచర్లు, వాళ్ల మీద ఒక చీఫ్ ఎగ్జామినరు. ఫ్యాను వేస్తే కాయితాలు ఎగిరిపోతాయని పన్నెండు రోజులూ దాన్ని ఆపే ఉంచారు. చెమటకు పేపర్లు అంటుకోకుండా అందరూ మోచేతుల కింద చేతిరుమాళ్లు పరుచుకుని దిద్దేవాళ్లు.

మిగతావాళ్లు విసుక్కునేవాళ్లు గాని, అమలమ్మ ఏడాది పొడుగునా ఎదురుచూసే రోజులు అవే. ఆమెకు నలభై రెండేళ్లు. పెళ్లి చేసుకోలేదు. సిస్టర్లు నడిపే ఆడపిల్లల బడిలో ఇరవై ఒక్కేళ్లుగా ఇంగ్లీషు చెబుతూ, పటమటలో ఒక ఇంటి వెనక వాటాలో అద్దెకుంటోంది. అమ్మానాన్నా పోయాక సొంతూరు మైలవరం వెళ్లే పని కూడా లేకపోయింది. వేసవిలో బడి మూసేస్తే ఒక్కోసారి పాలవాడితో అన్న రెండు ముక్కలే ఆ రోజుకు మాటలు. క్యాంపులో అలా కాదు. పదకొండింటికి టీ వస్తే పక్క బల్ల ఆవిడ పంచదార చాలిందా అని అడిగేది. అలా అడిగించుకోవడం కోసం అమలమ్మ తనకు అలవాటు లేని టీ తాగేది.

ఐదో ప్రశ్నలో తప్పు వాక్యాలు ఐదు ఇచ్చి సరిచేయమన్నారు. మూడోది ఇది: 'షీ నెవర్ హాజ్ అండ్ నెవర్ విల్ టెల్ ఎ లై.' ఆవిడ ఎన్నడూ అబద్ధం చెప్పలేదు, చెప్పబోదు అని దాని భావం. 'నెవర్' అనే మాటను 'హాజ్' తర్వాతకీ 'విల్' తర్వాతకీ జరిపితే సరిపోతుందని చీఫ్ పంచిన జవాబుల కీ కాయితంలో ఉంది. చదవగానే అమలమ్మకు అసలు తప్పు ఎక్కడిదక్కడే ఉండిపోయిందని తెలిసింది. 'హాజ్' తర్వాత, జరిగిపోయినదాన్ని చెప్పే 'టోల్డ్' రావాలి. 'విల్' తర్వాత, జరగబోయేదాన్ని చెప్పే 'టెల్' రావాలి. వాక్యంలో ఉన్నది ఒక్క 'టెల్'. అది రెండింటికీ చాలదు. 'నెవర్'ని ఎటు జరిపినా ఆ లోటు తీరదు.

అయినా ఆమె నోరు మెదపలేదు. పిల్లలెవరూ అంత దూరం ఆలోచించరు, అడిగి ఎవరినో ఇబ్బంది పెట్టడమెందుకు అనుకుంది. ఎనిమిది రోజులు ఆమె అనుకున్నట్టే గడిచాయి. కీలో ఉన్నట్టు రాసినవాళ్లకు ఒక మార్కు, రాయనివాళ్లకు సున్నా.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఒక పేపరు వచ్చింది. నీలం సిరా, గుండ్రటి కుదురైన అక్షరాలు. అంతంతమాత్రపు పేపరే. వ్యాసం సగంలో ఆగిపోయింది. ఉత్తరానికి తేదీ లేదు. గ్రామరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ చెయ్యి ఎక్కడా తడబడలేదు. మూడో వాక్యంలో 'హాజ్ నెవర్' తర్వాత గీత కింద చిన్న గొడుగు గుర్తు, దాని మీద సన్నటి అక్షరాలతో 'టోల్డ్'. మార్జిన్‌లో 'టెల్' అని రాసి కొట్టేసి ఉంది. గొడుగు పక్కన ఒక చుక్క.

అమలమ్మ పెన్ను కింద పెట్టింది.

ఆ గొడుగు తెరేసమ్మ టీచరుది. పాతికేళ్ల కిందట, అమలమ్మ బోర్డింగులో ఉండి చదువుకున్నప్పుడు, తెరేసమ్మ ఇంగ్లీషు చెప్పేది. ఇంగ్లీషువాడికి ఒకే మాట రెండుసార్లు అనాలంటే బద్ధకం, అందుకని ఒకదాన్ని మింగేస్తాడు అనేది. 'ఐ వెంట్ టు గుడివాడ అండ్ మై సిస్టర్ టు బందర్' అని బోర్డు మీద రాసి, చెల్లెలి దగ్గర మింగిన 'వెంట్' ఎక్కడుందో పిల్లల చేత చూపించేది. అక్కడ గొడుగు వేసి, మింగిన మాటను పైన రాసి, గట్టిగా చదవాలి. అతికితే సరే. అతక్కపోతే ఆ వాక్యమే తప్పు. క్లాసులో దాన్ని పట్టుకుని వదలనివాళ్లు ఇద్దరే, అమలమ్మ, శౌరమ్మ. ఆ మరుసటేడే తెరేసమ్మ క్షయతో పోయింది. చదివి సరిచూసుకున్నాక గొడుగు పక్కన చుక్క పెట్టడం తెరేసమ్మ నేర్పింది కాదు. అది శౌరమ్మ తనంతట తను పెట్టుకున్న అలవాటు.

ఇద్దరూ ట్రైనింగు అయ్యాక ఒకే బడిలో చేరారు. హాస్టల్లో ఒకే గది ఇచ్చారు. శౌరమ్మకు హాస్టలు వంటిల్లు చూసే పని కూడా ఉండేది. శుక్రవారాలు మాంసం ఉండదు గనక చేపలు తెప్పించేవాళ్లు. నాగులు అనే పల్లెకారి యువకుడు బందరు నుంచి రైల్లో గంప తెచ్చి ఇచ్చి వెళ్లేవాడు. మూడేళ్లు అలా తెచ్చాడు. 1956లో ఒక శుక్రవారం రాత్రి శౌరమ్మ మంచం మీద కూర్చుని, తను నాగుల్ని చేసుకుంటున్నానని అమలమ్మకు చెప్పింది. నాగులు హిందువు. చర్చిలో కుదరదు కాబట్టి రిజిస్ట్రారు దగ్గర చేసుకున్నారు. ఆ వారమే ఆమె ఉద్యోగం పోయింది. హెడ్‌మిస్ట్రెస్ మదరు టీచర్లను ఒక్కొక్కరినీ పిలిచి, ఆమెతో రాకపోకలు గానీ ఉత్తరాలు గానీ పెట్టుకోవద్దని చెప్పింది. అమలమ్మ ఉద్యోగం అప్పటికింకా పర్మనెంటు కాలేదు. "అలాగే మదర్" అంది.

శౌరమ్మ దగ్గర్నుంచి మూడు ఉత్తరాలు వచ్చాయి. ఒక ఆదివారం బందరు వచ్చి కనిపించి వెళ్లమని మొదటిది. బిడ్డ పుట్టి పోయిందని రెండోది. మూడోదాంట్లో అడ్రసు మారిందని రాసి, కింద "ఉన్నావా?" అని ఒక్క మాట. మూడూ అమలమ్మ చదివింది. ఉద్యోగం పర్మనెంటు అయ్యాక జవాబు రాద్దామనుకుంది. పర్మనెంటు అయ్యాక, ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదో చెప్పాల్సి వస్తుందని రాయలేదు. తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి.

ఇప్పుడు ఆ చుక్క చూస్తుంటే, శౌరమ్మ ఎక్కడో బతికే ఉందనీ, ఎవరికో ఇంగ్లీషు చెబుతోందనీ అర్థమయింది. అమలమ్మ ఆ జవాబుకు మార్కు వేసింది. మొత్తం కూడితే ముప్పై అయిదు వచ్చింది. పాసవడానికి కావలసింది సరిగ్గా అంతే.

సాయంత్రం చీఫ్ ఎగ్జామినరు కృపానందం గారు బొత్తిలోంచి కొన్ని పేపర్లు తీసి సరిచూసేటప్పుడు అది ఆయన చేతిలో పడింది. ఆయన కోపిష్ఠి కాదు. రిటైరవడానికి రెండేళ్లుంది. ఆ పేపరు పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చి, పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కీలో 'టోల్డ్' లేదు కదా, ఈ మార్కు ఎలా వచ్చిందని మెల్లగా అడిగాడు. అమలమ్మ చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ శ్రద్ధగానే విన్నాడు.

"మీరు చెప్పేది నిజమే కావచ్చండీ. కానీ అన్ని క్యాంపుల్లోనూ ఈ కీ పెట్టుకునే దిద్దుతున్నారు. మీరొక్కరు ఒకరికి వేస్తే, ఇలాగే రాసిన మిగతావాళ్లకి అన్యాయం చేసినట్టవుతుంది కదా. కీ ప్రకారం పోదామండి."

గదిలో అందరూ తలెత్తి చూస్తున్నారు. "అలాగేనండీ" అంది అమలమ్మ. ఎర్ర సిరాతో ఒకటిని కొట్టేసి సున్నా వేసింది. ముప్పై అయిదుని ముప్పై నాలుగు చేసి, పక్కన పొడి అక్షరాలు పెట్టింది. ఒక్క మార్కేగా, పైన ఎవరో ఒకరు చూసి కలుపుతారులే అనుకుంది. రోల్ నంబర్లు రాసుకోకూడదని రూలు. ఆమె రాసుకోలేదు. కానీ ఆ నంబరు ఆమెకు రాత్రి కంచం కడుగుతున్నప్పుడు కూడా నోట్లో ఆడింది.

జూన్ నెలాఖరున ఫలితాలు పేపర్లో పడ్డాయి. పొద్దున్నే వెళ్లి పేపరు కొని, ఇంటికి వచ్చేదాకా ఆగలేక కొట్టు అరుగు మీదే విప్పింది. సెంటర్ల వారీగా నంబర్లు చీమల బారుల్లా ఉన్నాయి. ఆ నంబరుకు ముందువీ, వెనకవీ అవనిగడ్డ కింద దొరికాయి. మధ్యలో ఆ ఒక్కటి లేదు. రెండోసారి వేలు పెట్టి చూసింది. లేదు.

శనివారం సెలవు పెట్టి అవనిగడ్డ బస్సెక్కింది. ఎందుకు వెళ్తున్నావని అడిగేవాళ్లు లేరు. కాలవలు అప్పుడే వదిలారు. ఉయ్యూరు దాటాక రోడ్డు పక్క ఎర్రటి నీళ్లు చెత్తను తోసుకుంటూ పోతున్నాయి. చల్లపల్లిలో బస్సు అరగంట ఆగింది. అవనిగడ్డలో దిగి, పరీక్ష జరిగిన బడికి వెళ్లి, గుమాస్తాకు తను టీచర్నని చెప్పి, ఆ నంబరు ఎవరిదని అడిగింది. అతను రిజిస్టరు తిప్పి చూశాడు. నాంచారమ్మ, ప్రైవేటుగా కట్టిన పిల్ల, నాగాయలంక అవతల పల్లెపాలెం. బడికి పోకుండా చదివి రాసిందని, చెప్పింది అక్కడే ఉండే ఒక టీచరమ్మ అని అతనే అన్నాడు.

నాగాయలంకలో మరో బస్సు దిగి, రెండు మైళ్లు నడిచింది. పొలాలు పలచబడి, ఉప్పుచౌడు వచ్చి, సరుగుడు చెట్ల వెనక తాటాకు ఇళ్లు కనిపించాయి. ఎండుచేపల వాసన ఎదురొచ్చింది. దారిలో కనబడిన ముసలామెను టీచరమ్మ ఇల్లెక్కడని అడిగితే, చివరిల్లని చెయ్యి చూపించింది.

ఇంటి ముందు పందిట్లో వల బాగుచేసుకుంటున్న మనిషి తలెత్తాడు. జుట్టు సగం నెరిసింది. ఒక్క క్షణం చూసి, వల పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"హాస్టలు అమలమ్మగారు కదండీ" అన్నాడు నాగులు.

శౌరమ్మ లోపల్నుంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ఎండకు నల్లబడి, ఒళ్లు చేసి, మెడలో శిలువ గొలుసుకు బదులు నల్లతాడు మీద చిన్న శిలువతో ఉంది. ఆమె ఏడవలేదు, కౌగలించుకోలేదు. కాళ్లు కడుక్కోమని నీళ్లు ఇచ్చింది. అన్నం తిన్నావా అని అడిగింది. తినలేదంటే పీట వేసి, మట్టగిడస చేపల పులుసు వడ్డించింది. అమలమ్మ తింటున్నంతసేపూ నాగులు బయట్నుంచే బెజవాడ కబుర్లు అడిగాడు. శౌరమ్మ కుండలోంచి ఇంకొంచెం పులుసు పోసింది. ఇద్దరు మగపిల్లలని, తండ్రితో చేపల వేటకు పోతారని, ఇప్పుడు పడవ దగ్గరున్నారని నాగులే చెప్పాడు.

చెయ్యి కడుక్కున్నాక అమలమ్మ తను వచ్చిన పని నాంచారమ్మ గురించి అని చెప్పింది. శౌరమ్మ కేకేస్తే పక్కింట్లోంచి ఒక పిల్ల వచ్చింది. పంతొమ్మిదేళ్లుంటాయి. సన్నగా, పొడుగ్గా, చేతుల నిండా ఎండుచేపల పొలుసులతో ఉంది. నర్సు ట్రైనింగుకు వెళ్లాలని ఆ పిల్ల ఆశ. దానికి పదో తరగతి పాసవ్వాలి. అమలమ్మ ఆమెను కూర్చోమని, ఇద్దరి ముందూ జరిగింది జరిగినట్టు చెప్పింది. పేపరు తన దగ్గరికి రావడం, గొడుగు, చుక్క, ముప్పై అయిదు, చీఫ్ అడగడం, తను కొట్టేయడం. చెబుతున్నంతసేపూ ఆమె తన కాలివేళ్లే చూసుకుంది.

నాంచారమ్మ అడిగింది. "అయితే నేను రాసింది కరెక్టేనాండీ?"

"కరెక్టేనమ్మా."

"కొట్టేసేటప్పుడే మీకు తెలుసాండీ?"

"తెలుసు."

ఆ పిల్ల లేచి వెళ్లిపోయింది. ఎండబెట్టిన చేపలు తిరగేస్తూ, వీపు ఇటు పెట్టి నిలబడింది.

శౌరమ్మ అప్పుడు ఫలితాలు వచ్చాక ఈ పాలెంలో జరిగింది చెప్పింది. నాంచారమ్మ తండ్రి అవనిగడ్డలో కొన్న గైడు పట్టుకొచ్చి, ఆ వాక్యానికి అందులో జవాబు ఇలా ఉంది, నువ్వు అలా చెప్పావేమిటని శౌరమ్మను అడిగాడట. పద్దెనిమిదేళ్ల కిందటి ఇంగ్లీషు ఇప్పుడు చెల్లదేమో అన్నాడట. ఇంకో ఇద్దరు పిల్లల్ని చదువు మాన్పించారు. తనకు తప్పుగా గుర్తుందేమోనని శౌరమ్మకే అనుమానం పట్టుకుంది. రెండు రాత్రులు ఆ వాక్యం ఇసకలో రాసి చూసుకుందట.

"చుట్టుపక్కల అడగడానికి ఒక్క మనిషి లేదు అమలా. ఇది సరేనా కాదా అని చెప్పేవాళ్లే లేరు."

అమలమ్మ సరేనని, నూటికి నూరుపాళ్లు సరేనని చెప్పింది. నాంచారమ్మ తండ్రిని పిలిపించమంది. అతను వస్తే, కీ తప్పని, టీచరమ్మ చెప్పిందే సరైనదని, తను ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నానని అతని ముందు చెప్పింది. అతను తలగుడ్డ తీసి చేత్తో నలుపుతూ విన్నాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా వచ్చి నిలబడ్డారు. ఆ కాసేపూ శౌరమ్మ ఎవరివైపూ చూడకుండా దీపపు గాజు తుడుస్తూ కూర్చుంది.

అందరూ వెళ్లాక, పొద్దు వాలుతుంటే, శౌరమ్మ అడిగింది.

"నా ఉత్తరాలు అందాయా?"

అందలేదని ఒక్క మాట అంటే సరిపోయేది. పోస్టు మీదకు పోయేది. అమలమ్మ ఆ మాట అనబోయి, అనలేకపోయింది.

"అందాయి. మూడూ అందాయి."

శౌరమ్మ తల ఊపింది. "అందలేదేమో అనుకునేదాన్ని. అలా అనుకుంటేనే బాగుండేది."

క్షమించమని అడగాలని అమలమ్మకు ఉంది. కానీ అడిగితే శౌరమ్మ సరేనంటుంది, ఆ సరే అనే భారం కూడా ఆమె మీదే వేసినట్టవుతుంది అనిపించింది. ఆఖరి బస్సుకు వేళయిందని లేచింది. నాగులు నాగాయలంక దాకా తోడు వస్తానన్నాడు. గుమ్మం దిగుతుంటే నాంచారమ్మ చేతులు కడుక్కుని ఎదురొచ్చింది. ఆమె ముఖంలో కోపం పోలేదు. కానీ అడగవలసింది అడిగింది.

"సెప్టెంబరులో మళ్లీ కడతానండీ. నాకు వ్యాసం రాదండీ. టీచరమ్మకీ రాదు. మీరు పోస్టులో నేర్పగలరా?"

శౌరమ్మ లోపల్నుంచి, చిన్నప్పటి నుంచీ తన వ్యాసాలు అమలే రాసిపెట్టేదని అంది. నవ్వుతూ అన్నదో మామూలుగా అన్నదో అమలమ్మకు చీకట్లో కనిపించలేదు.

బెజవాడ వచ్చాక ఆమె కృపానందం గారింటికి వెళ్లింది. పరీక్షల ఆఫీసుకు కీ తప్పని రాయబోతున్నానని చెప్పింది. ఆయన కుర్చీ చూపించి, మంచినీళ్లు తెప్పించి, రాయవద్దని బతిమాలాడు. పేపర్లు ఎవరూ మళ్లీ దిద్దరని, తన పేరూ ఆమె పేరూ మాత్రం చెడతాయని అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదని ఆమెకు తెలుసు. అయినా ఇంటికొచ్చి రెండు పేజీలు రాసింది. కొట్టేసింది తనేనని, ఆ జవాబు సరైనదని తెలిసే కొట్టేశానని రాసింది. కృపానందం గారి పేరు రాయలేదు. రిజిస్టరు పోస్టులో పంపింది.

నెలన్నర తర్వాత అచ్చువేసిన కాయితం వచ్చింది. మార్కుల కూడిక మాత్రమే తిరిగి చూస్తామని, జవాబులు తిరిగి దిద్దే ఏర్పాటు లేదని అందులో ఉంది. కింద సంతకం కూడా రబ్బరు స్టాంపే.

ఆ జూలై, ఆగస్టుల్లో వారానికొక కవరు నాగాయలంక నుంచి వచ్చేది. నాంచారమ్మ వ్యాసాలు. వరద గురించి, పోస్టుమాను గురించి, పరిశుభ్రత గురించి. అమలమ్మ సాయంత్రం బడి నుంచి వచ్చి, స్టవ్ వెలిగించకముందే అవి దిద్దేది. తప్పుల పక్కన ఎందుకు తప్పో తెలుగులో రాసేది. ప్రతి కవర్లోనూ శౌరమ్మకు వేరే కాయితం పెట్టేది. మొదటి కాయితంలో, ఉత్తరాలకు ఎందుకు జవాబు రాయలేదో మొత్తం రాసింది. తర్వాతవి మామూలువి. వాన, బడి, బోర్డింగులో తమతో చదివిన ఫలానావిడ పోయిందన్న కబురు. దేనికీ శౌరమ్మ జవాబు రాయలేదు. నాంచారమ్మ కూడా వ్యాసం తప్ప ఇంకేమీ రాసేది కాదు.

సెప్టెంబరు పరీక్షలో నాంచారమ్మకు ఇంగ్లీషులో నలభై ఏడు వచ్చాయి. మరుసటి ఏడు జనవరిలో బెజవాడలోనే ఒక ఆసుపత్రి ట్రైనింగులో సీటు దొరికింది. ట్రంకు పెట్టె రిక్షాలో పెట్టుకుని ముందు అమలమ్మ ఇంటికే వచ్చింది. అమలమ్మ ఆ పొద్దున కూరగాయల బజారుకు రెండుసార్లు వెళ్లింది. ఆ పిల్ల ఆకలిగా తిన్నది. తిన్నాక, అమలమ్మ ఎంత ఆపుకుందామన్నా ఆగలేక, టీచరమ్మ నా ఉత్తరాలు చదువుతుందా అని అడిగింది.

"చదువుద్దండీ. పైకి చదివి మా నాగులు బాబాయికి వినిపించుద్ది. దాచిపెట్టుద్ది కూడా."

"ఏమైనా చెప్పమందా?"

నాంచారమ్మ గ్లాసు కింద పెట్టి ఆలోచించింది. ఆ పిల్లకు కల్పించి చెప్పడం చేతకాదు. "మిమ్మల్ని రమ్మనలేదండీ. రావద్దని కూడా అనలేదు."

మొదట్లో నాంచారమ్మ ప్రతి ఆదివారం వచ్చేది. తర్వాత హాస్టల్లో స్నేహితులు కుదిరి, నెలకోసారి వచ్చేది. వచ్చినా కూర్చున్నంతసేపూ గోడ మీద గడియారం చూసేది. అమలమ్మకు అది సహజమేనని తెలుసు. ఆదివారాలు చర్చిలో పూజ అయ్యాక తొందరగా ఇంటికి వచ్చేయడం మాత్రం మానలేదు.

మే నెల వచ్చింది. పేపర్లు దిద్దడానికి పిలుపు రాలేదు. బడిలో మిగతా ఇద్దరు టీచర్లకు వచ్చింది. పోస్టులో ఆలస్యమైందేమోనని ఒకావిడ అంది. ఆలస్యం కాలేదని అమలమ్మకు తెలుసు. క్యాంపు మొదలైన రోజు పొద్దున, అలవాటు ప్రకారం తయారై, చీర మడతలు సర్దుకుని, వెళ్లడానికి చోటు లేక మళ్లీ మామూలు చీర కట్టుకుంది. పదకొండింటికి టీ పెట్టుకుంది. సగం తాగి పారబోసింది. ఆ పన్నెండు రోజులూ వెనక వాటాలో తలుపు వేసుకుని, పై ఏటి పిల్లలకు వాక్యాలు తయారుచేస్తూ కూర్చుంది. రాసిన ప్రతి వాక్యాన్నీ పైకి చదివేది. ఇంటివాళ్లు, టీచరుగారు తనలో తనే మాట్లాడుకుంటోందని అనుకున్నారట.

జూన్‌లో, కాలవలు వదిలిన వారానికి, ఒక కార్డు వచ్చింది. నీలం సిరా. శౌరమ్మ దస్తూరీ. అమలమ్మ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. కార్డు మీద ఉన్నవి మూడే వాక్యాలు.

"అమలా, నాంచారమ్మకు జ్వరమని ఎవరో చెప్పారు. మేం రావడానికి వీల్లేదు, వేట మొదలైంది. చూసి రాయి."

క్షేమమా అని లేదు. ఇట్లు అని లేదు. వెనకటి సంగతి ఒక్కటీ లేదు. అమలమ్మ దాన్ని మూడు నాలుగుసార్లు చదివింది. తర్వాత లేచి, బార్లీ కాచి సీసాలో పోసుకుని, రిక్షా మాట్లాడుకుని ఆసుపత్రి హాస్టలుకు వెళ్లింది. నాంచారమ్మ నీరసంగా పడుకుని ఉంది. టైఫాయిడ్ కాదని, మామూలు జ్వరమేనని వార్డెన్ చెప్పింది. అమలమ్మ రాత్రి ఎనిమిదింటిదాకా పక్కన కూర్చుని, బార్లీ తాగించి, తడిగుడ్డ వేసి, తల దువ్వి జడ వేసింది. తర్వాతి నాలుగు రోజులూ సాయంత్రాలు వెళ్లింది.

ఐదోనాడు కార్డు రాసింది. జ్వరం తగ్గిందని, నిన్న అన్నం పెట్టారని, సోమవారం నుంచి డ్యూటీకి వెళ్తుందని రాసింది. ఇంకా చాలా చోటు మిగిలింది. ఇంకేం రాయాలో చాలాసేపు ఆలోచించి, ఏమీ రాయకుండా అడ్రసు రాసి, పటమట పోస్టాఫీసులో వేసి ఇంటికి నడిచింది.